జాంగో: వెనక థ్రెడ్‌కి అప్పగించిన పనులు మధ్యాహ్నానికి ఆగిపోతున్నాయి, ఎర్రర్ కూడా రావట్లేదు

కృష్ణలంక కోడర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక జూనియర్ కాలేజీకి ఫీజుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.2, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8, సైట్‌ని నడిపే గునికార్న్ సర్వర్‌లో 3 వర్కర్లు. అంతా 2 జీబీ మెమరీ ఉన్న ఒకే వీపీఎస్ (అద్దె సర్వర్) మీద. ఫీజు కట్టగానే రసీదు పీడీఎఫ్ తయారవ్వాలి, ఇంటికి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, ఆ రోజు అకౌంట్ల షీట్‌లో ఒక వరుస పడాలి.

మొదట్లో ఇవన్నీ రిక్వెస్ట్ లోపలే జరిగేవి. పేజీ ఆరేడు సెకన్లు గిరగిరా తిరిగేది. కౌంటర్లో ఆయన ఆగలేక బటన్ మళ్లీ నొక్కేవాడు, రెండు రసీదులు పడేవి. అందుకని పైథాన్ క్యూ మాడ్యూల్ తీసుకుని, యాప్ మొదలయ్యేటప్పుడు నడిచే రెడీ ఫంక్షన్‌లో ఒక డీమన్ థ్రెడ్ (అదే ప్రాసెస్‌లో వెనక నడిచే పని) మొదలుపెట్టాను. వ్యూ (పేజీకి జవాబిచ్చే ఫంక్షన్) క్యూలో పని వేసి వెంటనే జవాబు ఇచ్చేస్తుంది. థ్రెడ్ ఒక్కో పని తీసుకుని చేస్తుంది.

మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. ఫీజు ఆఖరి తేదీన మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి కొన్ని రసీదులు రావు. కొన్ని వస్తాయి, అదే విచిత్రం. లాగ్‌లో ఏమీ ఉండదు. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే కొత్తవి నడుస్తాయి కానీ అప్పటిదాకా క్యూలో ఉన్నవి గాలికి పోతాయి. ఇది కాక అప్పుడప్పుడు థ్రెడ్‌లో "ఫీ పేమెంట్ డస్ నాట్ ఎగ్జిస్ట్" (ఆ పేమెంట్ లేదు) అని వస్తోంది. చూస్తే ఆ వరుస డేటాబేస్‌లో ఉంది!

థ్రెడ్లు పెంచితే సరిపోతుందా? సెలరీ (వెనక పనులు నడిపే లైబ్రరీ), దాని క్యూ ఉంచే రెడిస్ లాంటివి వద్దనుకుంటున్నా. కాలేజీలో వాటిని చూసుకునేవాళ్లు లేరు.

---

కరీంనగర్ పోరడు | సోమవారం, రాత్రి 9:52

అన్నా, ఎందుకీ తిప్పలు? సెలరీ పెట్టేయ్, హాయిగా పడుకో.

---

రాత్రి షిఫ్ట్ | సోమవారం, రాత్రి 10:15

సెలరీ సంగతి తర్వాత. ముందు జబ్బేమిటో తెలియాలి కదా. థ్రెడ్ చచ్చిపోయిందా, ఎక్కడో ఇరుక్కుందా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం వేరు.

చచ్చిపోవడం అంటే, చేసే పనిలో ఎక్సెప్షన్ వచ్చి దాన్ని ఎవరూ పట్టుకోకపోతే లూప్ దాటి బయటికి వచ్చేసి థ్రెడ్ ముగిసిపోతుంది. ప్రాసెస్‌కి ఏమీ కాదు, వెబ్‌సైట్ నడుస్తూనే ఉంటుంది. క్యూలో పనులు పడుతూనే ఉంటాయి, తీసేవాడే ఉండడు. ఆ ట్రేస్‌బ్యాక్ ఎస్‌టీడీ ఎర్రర్‌కి వెళ్తుంది, మీ జాంగో లాగ్ ఫైల్లోకి రాదు. కాబట్టి జర్నల్‌సీటీఎల్‌లో (సర్వర్ సిస్టమ్ లాగ్) వెతకండి.

అక్కడా ఏమీ లేకపోతే ఇరుక్కున్నట్టే. పై-స్పై ఇన్‌స్టాల్ చేసుకోండి. ఈసారి ఆగినప్పుడు రీస్టార్ట్ చేయకుండా, ముగ్గురు గునికార్న్ వర్కర్ల పీఐడీలు (ప్రాసెస్ నంబర్లు) తీసుకుని ఒక్కోదాని మీద పై-స్పై డంప్ కొట్టండి. ఏ థ్రెడ్ ఏ లైన్లో ఉందో చూపిస్తుంది. నడుస్తున్న ప్రాసెస్‌కి ఏమీ కాదు, కోడ్ మార్చక్కర్లేదు. రూట్ పర్మిషన్ మాత్రం కావాలి.

ఈలోపు ఒకటి చెప్పండి: ఎస్సెమ్మెస్ పంపే కాల్‌కి టైమ్‌అవుట్ పెట్టారా?

---

పట్టికల రాణి | సోమవారం, రాత్రి 10:48

"డస్ నాట్ ఎగ్జిస్ట్" సంగతి నేను చెప్తాను. సెట్టింగ్స్‌లో అటామిక్ రిక్వెస్ట్స్ ట్రూ అని ఉందా? ఉండే ఉంటుంది.

అలా ఉంటే వ్యూ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్, రాసినవన్నీ కలిసే ఖాయమవుతాయి, లేదా కలిసే పోతాయి. మీరు పేమెంట్ సేవ్ చేశారు, వెంటనే క్యూలో వేశారు. కమిట్ (ఖాయం చేయడం) జరిగేది వ్యూ పూర్తయ్యాక. థ్రెడ్ ఖాళీగా ఉంటే ఆ పనిని మిల్లీసెకన్లలో అందుకుంటుంది. దాని డేటాబేస్ కనెక్షన్ వేరు, ఇంకా కమిట్ కాని వరుస దానికి కనిపించదు. మీరు వెళ్లి చూసేసరికి కమిట్ అయిపోయి ఉంటుంది, అందుకే "ఉంది కదా!" అనిపిస్తుంది. గమనించండి, రద్దీ లేనప్పుడే ఈ ఎర్రర్ ఎక్కువ వస్తుంది. రద్దీలో పని క్యూలో కాసేపు నిలబడుతుంది కాబట్టి ఈలోపు కమిట్ అయిపోతుంది.

మందు: క్యూలో వేసే లైన్‌ని ట్రాన్సాక్షన్ డాట్ ఆన్-కమిట్ లోపల పెట్టండి. ట్రాన్సాక్షన్ వెనక్కి పోతే పని క్యూలోకే రాదు, కట్టని ఫీజుకి రసీదు వెళ్లే గొడవ కూడా పోతుంది. క్యూలో మోడల్ ఆబ్జెక్ట్ వేయకండి, ఐడీ మాత్రమే వేయండి. థ్రెడ్ దాన్ని తాజాగా చదువుకుంటుంది.

ఇంకో గుంట కూడా మీ దారిలోనే ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 28800 సెకన్లు, అంటే 8 గంటలు. రాత్రంతా కదలని కనెక్షన్‌ని సర్వర్ తెంచేస్తుంది. మామూలు రిక్వెస్ట్‌లకి ఇబ్బంది లేదు, ప్రతి రిక్వెస్ట్ మొదట్లో, చివర్లో జాంగో పాత కనెక్షన్లు చూసుకుంటుంది. మీ థ్రెడ్ ఏ రిక్వెస్ట్‌కీ చెందదు కాబట్టి దాని బాగోగులు చూసేవాళ్లు లేరు. పొద్దున్నే మొదటి రసీదుకి "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అని 2006 నంబర్ లాంటి ఎర్రర్ వస్తుంది. ప్రతి పనికీ ముందు, తర్వాత క్లోజ్ ఓల్డ్ కనెక్షన్స్ ఫంక్షన్ మీరే పిలవాలి.

---

కృష్ణలంక కోడర్ | మంగళవారం, ఉదయం 7:05

రాణి గారూ, అటామిక్ రిక్వెస్ట్స్ ఉంది! ఆన్-కమిట్ పెట్టేశాను. పొద్దున మొదటి రసీదు పోయిందని కాలేజీవాళ్లు ఎప్పుడో అన్నారు, నెట్ సమస్య అనుకుని వదిలేశాం.

షిఫ్ట్ అన్నా, టైమ్‌అవుట్ పెట్టలేదు. రిక్వెస్ట్స్ లైబ్రరీ డిఫాల్ట్‌గా ఎంతో కొంత పెట్టుకుంటుందనుకున్నా.

---

రాత్రి షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 7:30

పెట్టుకోదు. మీరు చెప్పకపోతే రిక్వెస్ట్స్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. అవతలి సర్వర్ కనెక్షన్ తీసుకుని జవాబివ్వకుండా కూర్చుంటే మీ థ్రెడ్ కూడా దాంతోపాటు కూర్చుంటుంది. అయినా డంప్ చూడకుండా తీర్పు చెప్పను.

---

కృష్ణలంక కోడర్ | బుధవారం, మధ్యాహ్నం 2:20

ఇవాళ మళ్లీ ఆగింది, డంప్ కొట్టాను. మొదటి వర్కర్లో, మూడో వర్కర్లో నా థ్రెడ్ క్యూ గెట్ దగ్గర ఖాళీగా ఉంది. రెండో వర్కర్లో మాత్రం స్టాక్ పైనుంచి ఇలా ఉంది: ఎస్‌ఎస్‌ఎల్ రీడ్, దాని కింద సాకెట్ రీడ్-ఇంటూ, ఆ కింద యూఆర్ఎల్‌లిబ్3 (రిక్వెస్ట్స్ లోపల వాడే లైబ్రరీ) లైన్లు ఓ బారెడు, తర్వాత రిక్వెస్ట్స్ పోస్ట్, అట్టడుగున నా "సందేశం పంపు" ఫంక్షన్. పావుగంట తర్వాత మళ్లీ కొట్టాను. ఒక్క లైన్ కూడా కదల్లేదు.

---

రాత్రి షిఫ్ట్ | బుధవారం, మధ్యాహ్నం 2:41

ఇదుగో దొరికింది. "కొన్ని వస్తాయి, కొన్ని రావు" అన్న విచిత్రం కూడా ఇక్కడే విడిపోయింది. 3 వర్కర్లంటే 3 ప్రాసెస్‌లు, ఒక్కోదానికి సొంత మెమరీ, సొంత క్యూ, సొంత థ్రెడ్. మీరు ఒక క్యూ రాశారు, నడుస్తున్నవి మూడు. ఒకటి ఇరుక్కుంటే ఆ ప్రాసెస్‌కి వచ్చిన ఫీజుల రసీదులే ఆగుతాయి.

టైమ్‌అవుట్‌కి రెండు అంకెలు ఇవ్వండి: కనెక్ట్ అవ్వడానికి 3 సెకన్లు, జవాబు చదవడానికి 15. ఆ రెండో అంకె మొత్తం సమయం కాదు, ఒక ముక్కకీ తర్వాతి ముక్కకీ మధ్య ఆగే సమయం. అవతలివాడు చుక్కచుక్కగా పంపుతూ ఉంటే అంతకంటే ఎక్కువే పడుతుంది, కానీ మీ కేసులో ఇది చాలు.

లూప్ కూడా ఇలా ఉండాలి:

    వైల్ ట్రూ:
        పని = క్యూ.గెట్()
        ట్రై:
            చెయ్యి(పని)
        ఎక్సెప్ట్ ఎక్సెప్షన్:
            లాగర్.ఎక్సెప్షన్("పని చెడింది: %ఎస్", పని)
        ఫైనల్లీ:
            క్యూ.టాస్క్_డన్()

ట్రై అనేది వైల్ లోపల ఉండాలి. బయట పెట్టినవాళ్లని చాలామందిని చూశాను. ఒక్క చెడ్డ పని వస్తే లూపే పోతుంది. టాస్క్ డన్ ఫైనల్లీలో లేకపోతే, ఎక్కడైనా క్యూ జాయిన్ పిలిచినప్పుడు అది ఎప్పటికీ తిరిగి రాదు.

---

బీటెక్ నాలుగో ఏడు | బుధవారం, సాయంత్రం 5:10

అన్నా, చిన్న డౌట్. ఒక్కో ప్రాసెస్‌లో ఒక థ్రెడ్ బదులు నాలుగు పెడితే ఒకటి ఇరుక్కున్నా మిగతావి నడుస్తాయి కదా? జీఐఎల్ (ఒక సమయంలో ఒకే థ్రెడ్‌ని పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) వల్ల లాభం లేదంటారు, నిజమేనా?

---

పట్టికల రాణి | బుధవారం, సాయంత్రం 6:02

సగం నిజం. నెట్‌వర్క్ జవాబు కోసం ఆగిన థ్రెడ్ జీఐఎల్‌ని వదిలేస్తుంది. కాబట్టి ఎస్సెమ్మెస్‌లకి నాలుగు థ్రెడ్లుంటే నాలుగూ ఒకేసారి ఎదురుచూడగలవు, లాభమే. పీడీఎఫ్ తయారీ అలా కాదు. అది పైథాన్ కోడే లెక్కలు వేసుకుంటూ కూర్చునే పని. నాలుగు థ్రెడ్లు పెట్టినా ఒక సమయంలో ఒకటే నడుస్తుంది. పైగా అదే ప్రాసెస్‌లో పేజీలు ఇచ్చే థ్రెడ్‌తో కూడా పోటీ పడుతుంది. ఇంకో థ్రెడ్ అడుగుతుంటే పైథాన్ డిఫాల్ట్‌గా 5 మిల్లీసెకన్లకోసారి చేతులు మారుస్తుంది, అందుకే సైట్ ఆగదు, కాస్త బరువెక్కుతుంది. 3.13 నుంచి జీఐఎల్ లేని బిల్డ్ కూడా వస్తోంది. ఒక కాలేజీ ఫీజుల కోసం అంత దూరం పోనక్కర్లేదు.

ఇరుక్కోవడానికి మాత్రం థ్రెడ్లు పెంచడం మందు కాదు. గేట్‌వే పడుకున్న రోజు నాలుగూ అక్కడే ఇరుక్కుంటాయి, కాస్త ఆలస్యంగా. రేషన్ షాపులో ఒకాయన వేలిముద్ర పడక వెనక లైనంతా నిలబడుతుందే, ఆ వ్యవహారమే ఇది. ఎస్సెమ్మెస్‌లని ఒక క్యూలో, పీడీఎఫ్‌లని ఇంకో క్యూలో వేయండి. ఫోన్‌కి సందేశం రాకపోతే రసీదు కాగితం ఎందుకు ఆగాలి?

---

బీటెక్ నాలుగో ఏడు | బుధవారం, సాయంత్రం 6:15

థాంక్యూ మేడమ్. థ్రెడ్ పూల్ ఎగ్జిక్యూటర్ (థ్రెడ్లని, క్యూని తనే చూసుకునే పైథాన్ వసతి) వాడితే ఇదంతా రాయక్కర్లేదని మా సీనియర్ అన్నాడు.

---

రాత్రి షిఫ్ట్ | బుధవారం, రాత్రి 8:30

రాయడం తగ్గుతుంది తమ్ముడూ, రెండు విషయాలు దాక్కుంటాయి. ఒకటి, పనిలో వచ్చిన ఎక్సెప్షన్ ఫ్యూచర్ (ఫలితం ఉంచే ఆబ్జెక్ట్) లోపల ఉండిపోతుంది. నువ్వు రిజల్ట్ అడగకపోతే ఎక్కడా ప్రింట్ కాదు. మామూలు థ్రెడ్ కనీసం చచ్చేముందు అరుస్తుంది, ఇది అదీ చేయదు. రెండు, దాని లోపలి క్యూకి హద్దు లేదు, పనులు పేరుకుపోతే మెమరీ తింటూ పోతుంది. సొంత క్యూ అయితే మ్యాక్స్ సైజ్ పెట్టి, నిండితే "ఫుల్" అనే ఎక్సెప్షన్ వచ్చేలా చేసుకోవచ్చు.

---

కృష్ణలంక కోడర్ | బుధవారం, రాత్రి 9:12

టైమ్‌అవుట్, లూప్, రెండు క్యూలు అన్నీ పెట్టేశాను. మిగిలింది రీస్టార్ట్ సమస్య. డీమన్ తీసేసి మామూలు థ్రెడ్ చేస్తే క్యూ అయ్యేదాకా ఆగుతుందా?

---

రాత్రి షిఫ్ట్ | బుధవారం, రాత్రి 10:05

ఆగుతుంది, కానీ మీరనుకున్నట్టు కాదు. డీమన్ అయితే ప్రాసెస్ ముగిసేటప్పుడు ఉన్నచోటే తెగిపోతుంది, పీడీఎఫ్ సగం రాసి ఉన్నా సరే. డీమన్ కాకపోతే ప్రాసెస్ దాని కోసం ఎదురుచూస్తుంది. మీ లూప్‌కి అంతం లేదు, క్యూ ఖాళీ అయ్యాక గెట్ దగ్గర నిలబడుతుంది. ప్రాసెస్ కూడా నిలబడుతుంది. గునికార్న్ గ్రేస్‌ఫుల్ టైమ్‌అవుట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు, ఆ తర్వాత బలవంతపు కిల్. ఆపడానికి క్యూలో చివర ఒక "నన్" (ఏమీ లేదనే విలువ) వేసి, అది రాగానే లూప్ నుంచి బయటికి రావడం పాత పద్ధతి. పైథాన్ 3.13లో క్యూకే షట్‌డౌన్ అనే మెథడ్ వచ్చింది.

కానీ కరెంటు పోతేనో, మెమరీ చాలక కెర్నెల్ ప్రాసెస్‌ని చంపితేనో ఇవేవీ పనిచేయవు. 2 జీబీ బాక్స్‌లో మైఎస్‌క్యూఎల్, గునికార్న్ కలిసి ఉన్నాయన్నారు, ఈ రెండోది ఊహ కాదు. క్యూ ఉన్నది మెమరీలో. పోయినా ఫర్వాలేదనుకునే పనులకే అది. హిట్ కౌంటర్, కాష్‌ని (తరచూ వాడే డేటా నకలు) ముందే నింపి ఉంచడం లాంటివి. డబ్బు కట్టినవాళ్ల రసీదు ఆ కోవలోకి రాదు.

---

పట్టికల రాణి | బుధవారం, రాత్రి 10:40

అవును. మీ దగ్గర మైఎస్‌క్యూఎల్ ఉండనే ఉంది కదా, క్యూని అందులోనే పెట్టండి. "పనులు" అని ఒక టేబుల్. పని రకం, పేమెంట్ ఐడీ, స్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించాం, మళ్లీ ఎప్పుడు చేయాలి, ఎప్పుడు పట్టుకున్నాం. ఈ కాలమ్స్ చాలు. స్థితి, సమయం కలిపి ఒక ఇండెక్స్. పేమెంట్ సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే ఈ వరుస కూడా పడుతుంది. ఉంటే రెండూ ఉంటాయి, పోతే రెండూ పోతాయి. ఇక ఆన్-కమిట్ కూడా అక్కర్లేదు.

వర్కర్‌ని వెబ్ ప్రాసెస్ నుంచి బయటికి తీసి మేనేజ్‌మెంట్ కమాండ్‌గా (విడిగా నడిపే జాంగో కమాండ్) రాయండి. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) కింద రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టండి. అది చేసేది ఇంతే: టేబుల్‌లో సమయం వచ్చిన వరుస ఒకటి పట్టుకో, "నడుస్తోంది" అని రాసి కమిట్ చెయ్యి, ట్రాన్సాక్షన్ బయట పని చెయ్యి, "అయింది" అని రాయి. ఏమీ లేకపోతే రెండు సెకన్లు పడుకో.

పట్టుకునేటప్పుడు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌కి (వరుసకి తాళం వేసి చదవడం) స్కిప్ లాక్డ్ (తాళం పడినవి వదిలెయ్) జోడించండి. ఇద్దరు వర్కర్లున్నా ఒకే వరుస ఇద్దరికీ రాదు, ఒకరి కోసం ఒకరు ఆగరు కూడా. మైఎస్‌క్యూఎల్‌లో ఇది 8.0 నుంచి ఉంది, మరియాడీబీలో 10.6 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి. అన్నిటికంటే ముఖ్యం: లాక్ పట్టుకుని ఎస్సెమ్మెస్ గేట్‌వేకి కాల్ చేయకండి. అది 15 సెకన్లు తీసుకుంటే ట్రాన్సాక్షన్ కూడా అంతసేపు తెరిచే ఉంటుంది.

---

కరీంనగర్ పోరడు | గురువారం, ఉదయం 9:15

అక్కా, మీరు మెల్లగా సెలరీనే మళ్లీ రాస్తున్నారు 😄 నేను ముందే చెప్పిన!

---

పట్టికల రాణి | గురువారం, ఉదయం 9:50

అందులో పదో వంతు రాస్తున్నాం, ఆ పదో వంతే కావాలి కాబట్టి 🙂 సెలరీ పెట్టగానే పనులు భద్రం అనుకోకు. డిఫాల్ట్‌గా పని మొదలుపెట్టే ముందే అది బ్రోకర్‌కి (పనులు దాచే మధ్యవర్తి) "అందింది" అని చెప్పేస్తుంది. మధ్యలో వర్కర్ చస్తే ఆ పని పోయినట్టే. పని అయ్యాకే చెప్పేలా యాక్స్ లేట్ పెట్టుకోవాలి. బ్రోకర్ రెడిస్ అయితే విజిబిలిటీ టైమ్‌అవుట్ ("అందింది" అనని పనిని మళ్లీ ఇచ్చే గడువు) డిఫాల్ట్‌గా 1 గంట. గంట దాటాక చేయాల్సిన పనిని ఈటీఏతో (చేయాల్సిన సమయం చెప్పి) పెడితే అదే పని రెండోసారి కూడా వచ్చే వీలుంది. రోజుకి లక్షల పనులు, నలుగురు డెవలపర్లు ఉంటే నేనూ సెలరీయే అంటాను.

---

యాప్ మామయ్య | గురువారం, ఉదయం 11:30

ఆండ్రాయిడ్‌లో కూడా ఇదే కథ. ఎగ్జిక్యూటర్‌కి ఇచ్చిన పని యాప్ పోగానే పోతుంది. వర్క్‌మేనేజర్‌కి ఇచ్చింది ఫోన్ రీబూట్ అయినా బతికే ఉంటుంది, ఎందుకంటే అది పనుల జాబితాని తన సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది. లోపల చూస్తే అదీ ఒక టేబులే.

---

కృష్ణలంక కోడర్ | గురువారం, రాత్రి 9:30

టేబుల్ రాశాను, నడుస్తోంది. ఒక అనుమానం. ఎస్సెమ్మెస్ వెళ్లిపోయింది, "అయింది" అని రాసేలోపు ప్రాసెస్ చచ్చిందనుకోండి. మళ్లీ లేచాక రెండోసారి పంపుతుంది కదా. రెండు మెసేజ్‌లు వస్తే "రెండుసార్లు డబ్బులు కట్ అయ్యాయా" అని తల్లిదండ్రులు కాలేజీకి ఫోన్ చేస్తారు. ఇంతకుముందు చేశారు కూడా.

---

రాత్రి షిఫ్ట్ | గురువారం, రాత్రి 10:20

పూర్తిగా తప్పించలేరు. పంపడం ఒకచోట, రాసుకోవడం ఇంకోచోట. ఈ రెంటి మధ్య సందు ఎప్పుడూ ఉంటుంది. ముందే "అయింది" అని రాస్తే కొన్ని అసలు వెళ్లవు, తర్వాత రాస్తే కొన్ని రెండుసార్లు వెళ్తాయి. ఏది నయమో పనిని బట్టి మీరే తేల్చుకోవాలి. ఫీజు విషయంలో నేనైతే రెండుసార్లు వెళ్లడమే నయమంటాను. కాకపోతే రసీదు నంబర్‌ని వర్కర్లో పుట్టించకండి. పేమెంట్ సేవ్ అయ్యేటప్పుడే ఇవ్వండి, మెసేజ్‌లోనూ అదే నంబర్ పెట్టండి. రెండు మెసేజ్‌ల్లోనూ ఒకే నంబర్ ఉంటే కంగారు తగ్గుతుంది. పీడీఎఫ్ ఫైల్ పేరు కూడా ఆ నంబరే అయితే, రెండోసారి చేసినా పాతదాని మీదే రాస్తుంది.

---

పట్టికల రాణి | గురువారం, రాత్రి 10:35

మెసేజ్‌లో కొత్తగా నంబర్ చేరిస్తే డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్ నమూనాలు నమోదు చేసే వ్యవస్థ) టెంప్లేట్ మళ్లీ ఆమోదించుకోవాలి, మర్చిపోకండి. నమోదైన టెంప్లేట్‌కి సరిపోకపోతే మెసేజ్ చేరదు. తెలుగులో పంపుతున్నారా? యూనికోడ్ కాబట్టి ఒక మెసేజ్‌కి 70 అక్షరాలే, అందులో గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. దాటితే ముక్కకి 67 చొప్పున విడిపోయి, డబ్బులు కూడా ముక్కల లెక్కనే.

---

కృష్ణలంక కోడర్ | శుక్రవారం, సాయంత్రం 6:45

తెలుగులోనే పంపుతున్నాం మేడమ్, ఇప్పటికే రెండు ముక్కలు. "గౌరవనీయులైన" తీసేస్తే చోటు వస్తుందేమో, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాలి.

ఆఖరి ప్రశ్న. వర్కర్ మధ్యలో పోతే వరుస "నడుస్తోంది" దగ్గరే ఉండిపోతోంది. పరీక్ష కోసం నేనే కిల్ కొట్టి చూశాను. ఇంకోటి, మళ్లీ ఎక్కడైనా ఆగితే నాకెలా తెలుస్తుంది? కాలేజీవాళ్లు ఫోన్ చేసేదాకా ఆగలేను.

---

రాత్రి షిఫ్ట్ | శుక్రవారం, రాత్రి 8:10

పట్టుకున్న సమయం కాలమ్ అందుకే ఉంది. పట్టుకుని 10 నిమిషాలు దాటినా "నడుస్తోంది" అనే ఉంటే దాన్ని మళ్లీ "మిగిలింది"కి మార్చండి. మీ టైమ్‌అవుట్లు 15 సెకన్లు కాబట్టి 10 నిమిషాలు ధారాళం. మామూలు రీస్టార్ట్‌లకి మాత్రం సిగ్‌టర్మ్ (ఆగమనే సిగ్నల్) పట్టుకుని, చేతిలో ఉన్న పని ముగించి బయటికి రండి. సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా 90 సెకన్లు ఆగుతుంది, సరిపోతుంది.

మళ్లీ ప్రయత్నించేది 1 నిమిషం, 5 నిమిషాలు, 30 నిమిషాలు ఇలా దూరం పెంచుకుంటూ వెళ్లండి. అయితే టైమ్‌అవుట్ వచ్చినదాన్నే మళ్లీ చేయండి. గేట్‌వే "టెంప్లేట్ తప్పు" అన్నదాన్ని ఎన్నిసార్లు పంపినా అదే జవాబు వస్తుంది, దాన్ని నేరుగా "చెడింది"లో పడేయండి.

కనిపెట్టడానికి క్యూలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి. ఆఖరి తేదీన 300 ఉన్నా అది ఆరోగ్యమే కావచ్చు. సమయం వచ్చినా ఇంకా మిగిలి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది ఎన్ని నిమిషాల నుంచి ఉందో చూడండి. అది 5 దాటితే మీకు మెయిల్ వచ్చేలా క్రాన్‌లో (సమయానికి కమాండ్లు నడిపేది) ఒక చిన్న కమాండ్. ఆ మెయిల్‌ని మాత్రం ఈ క్యూలో వేయకండి, నేరుగా పంపండి.